సగం అడుగు దేవనాథన్

దేవనాథన్ సారుకు ఉన్న జబ్బు ఒక్కటే. ఏ లెక్కా ఒకసారి చేసి నమ్మడు. మార్పుల సమీకరణాన్ని, అదే డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ని, అంకెలతో సాధించాలంటే కాలాన్ని అడుగులడుగులుగా నడిపించాలి కదా, ఆ అడుగును సగం చేసి మళ్ళీ మొదలుపెడతాడు. రెండు జవాబులూ కలిస్తేనే ఊపిరి పీలుస్తాడు. ఈ జబ్బు మీదే తిరుపతిలో 1979లో ఎమ్మెస్సీ విద్యార్థులు అర్జీ పెట్టారు: "అడుగులు సగం చేసి చూపిస్తూ, ఏ సమీకరణానికి ఏ పద్ధతి ఎంచుకోవాలో చెప్పడానికే మూడు వారాలు వృథా చేశారు." కాలేజీవాళ్ళు వెంటనే ఆయన్ని ఇంటర్ క్లాసులకు దించేశారు. అర్జీ రాసినవాడు గంగాధరం. మొదటి సంతకమూ వాడిదే.

సారు పంచె కొంటుంటే బజారంతా తమాషా చూసేది.

"ఎనిమిది మూరలు సామీ," అనేవాడు బట్టల కుప్పయ్య.

"ఇప్పుడు జానతో కొలువప్పా."

"పదారు జానలే గదా వచ్చేది!"

"వస్తే సంతోషమే. కొలువు."

ఇంట్లో రసం గరిటెతో రుచి చూసి, మళ్ళీ చెంచాతో చూసేవాడు. "రుచులకే గిన్నె ఖాళీ అయితే అన్నంలోకి ఏం పోసేది?" అనేది భార్య వకుళాదేవి.

ఫలితాలొచ్చాయి. గంగాధరం సారు చెప్పిన ఆ ఒక్క పేపర్లోనే తప్పాడు. చిత్తూరులో ఖాయమైన ఉద్యోగం చేజారేట్టుంది. నెల తిరగకుండానే పాసయినట్టు కాగితం వచ్చింది! వాడు అదిరిపడి పరీక్షల ఆఫీసుకు పరుగెత్తాడు.

"మీ సారొచ్చినాడప్పా," అన్నాడు గుమాస్తా రంగరాజు. "నువ్వు తప్పినావంటే నమ్మలా. నీ పేపరు తీయించినాడు. గది కంటే ఒక డిగ్రీ వేడిగా ఉండే తీగ చల్లారితే కడకు ఆ తేడా ఎంతుంటాదని గదా ప్రశ్న? నువ్వు దాదాపు సున్న అని రాసినావు. దిద్దినాయన మొరటు పద్ధతిలో పెద్ద అడుగులేసినాడు. ఆయన జవాబు మైనస్ వెయ్యిన్నీ ఇరవై నాలుగు!"

"అంత చలి యాడుందన్నా?"

"మీ సారూ అదే అడిగినాడు. ఆ పద్ధతిలోనే అడుగు సగం చేస్తే యాభై ఏడు చిల్లర వచ్చింది. ఇంకా సగం చేస్తే సున్న. మళ్ళీ సగం చేస్తానని కాగితం తీసేతలికి మా ఆఫీసు పెద్దాయన చేతులు పట్టుకున్నాడు: 'వద్దు సామీ, మార్కులేస్తాం!'"

గంగాధరం రాసిన పద్ధతి, సారు ఆ మూడు వారాల్లో చెప్పిందే.

చిత్తూరు బస్సెక్కే ముందు వాడు సారింటికి వెళ్ళాడు. "ఆ అర్జీ రాసింది నేనే సార్."

"తెలుసప్పా. నీ చేతిరాత నాకు తెలీదా?"

"అయినా నాకోసం..."

సారు ఇబ్బందిగా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక మాట, కోపం పెట్టుకోవద్దు. నాలుగో అడుగు కాడ నీ భాగహారం తప్పు. వాళ్ళెవురూ చూళ్ళేదు. నేనే చూపించినా. రెండు మార్కులు తీసేసినారు."