పిన్నిగారి ఇంట్లో ఇంగ్లీషు పాఠం

మెట్రిక్యులేషను తరగతిలో చేరడానికి కోనసీమ నుంచి కాలవ పడవలో రాజమండ్రి వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదో ఏడు. అప్పటికి ఇంగ్లీషు కంటితో చదివితే కొంత అర్థమయ్యేది. నోటితో చదివితే మాత్రం తరగతంతా నవ్వేది. తెలుగులో రాసిన అక్షరాన్ని మింగడం తప్పు. ఇంగ్లీషులో ఒక్కోసారి మింగకపోవడం తప్పు. ఏ మాటలో ఏ అక్షరం మింగాలో చెప్పేవాళ్ళు మా ఊళ్ళో లేరు.

మా ఇంగ్లీషు మాస్టారు కుంభకోణం వైపు నుంచి వచ్చిన మనిషి. తెలుగు ఆచితూచి మాట్లాడేవారు. ప్రతి సాయంత్రం నల్లబల్ల మీద ఇరవై మాటలు రాసేవారు. మర్నాటికి ఒక్కో మాటకు అర్థం రాసుకుని, సొంతంగా ఒక వాక్యం కట్టుకుని రావాలి. "అర్థం బట్టీ పట్టవచ్చును. వాక్యం పట్టలేరు. మాట మీ ఇంట్లోకి వచ్చి కూర్చుంటేనే మీది," అనేవారు.

నేను వారాలు చేసుకుని చదువుకునేవాణ్ణి. వారానికి ఏడు రోజులూ ఏడిళ్ళలో భోజనం. గురువారం ఇల్లు గోదావరి గట్టుకు దగ్గర్లో ఒక పెంకుటిల్లు. అందులో ఒక్కావిడే ఉండేది. నలభై అయిదేళ్ళుంటాయేమో. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు. అతను కూడా నాలాగే మెట్రిక్యులేషను చదువుతూ, పరీక్షకు నెల ముందు జ్వరంతో పోయి నాలుగేళ్ళయింది. ఆవిణ్ణి నేను పిన్నిగారు అనేవాణ్ణి.

మూడో గురువారం నేను చెయ్యి కడుక్కుంటుంటే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"బస ఎక్కడ నాయనా?"

"సత్రం అరుగు మీదండి."

"మావాడి గది ఖాళీగానే ఉంది. ఇక్కడికి వచ్చెయ్. ఏడిళ్ళూ తిరగక్కర్లేదు. సాయంత్రం దీపం పెట్టే వేళ దాకా ఓ గంట ఇంగ్లీషు పైకి చదివితే చాలు."

"మీకు ఇంగ్లీషు వచ్చాండి?"

"రాదు. వినడం అలవాటు."

మర్నాడే నా మూట తెచ్చుకున్నాను. గదిలో ఒక బల్ల, చాప, గోడ గూట్లో ఒక లావుపాటి ఇంగ్లీషు పాఠాల పుస్తకం. పరీక్షకు పెట్టిన పుస్తకం కాదది. చదివే అలవాటు కోసం, కొత్త మాటల కోసం విద్యార్థులు కొనుక్కునేది. ఆ రోజుల్లో సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి వచ్చే పుస్తకాల్లో కాగితాలు మడతల దగ్గర అతుక్కునే ఉండేవి. చదివేవాడే చాకుతో కోసుకుంటూ పోవాలి. ఆ పుస్తకం సగం దాకా కోసి ఉంది. కోసినంత మేరా అంచుల్లో పెన్సిలుతో అర్థాలు రాసి ఉన్నాయి. ఆ తర్వాత కాగితాలు మూసిన పెదవుల్లా ఉన్నాయి.

మొదటి సాయంత్రం సముద్రం మీద ఒక దీవి గురించిన పాఠం చదివాను. "ఇస్లాండ్" అన్నాను. తలుపుకు అవతల పత్తి వత్తులు చేసుకుంటున్న పిన్నిగారు నెమ్మదిగా అంది.

"ఐలండ్ నాయనా."

"మీకెలా తెలుసండి?"

"మావాడు అలాగే అనేవాడు."

మర్నాడు మాస్టారిని అడిగితే ఆవిడ చెప్పిందే సరి అన్నారు. రెండు గోదావరుల మధ్య దీవిలో పుట్టినవాణ్ణి, దీవి అన్న మాట పలకడం చదువురాని మనిషి దగ్గర నేర్చుకున్నాను. అందులో నాకు వింతేమీ కనబడలేదు. కొడుకు రోజూ చదువుతుంటే విన్న తల్లి చెవిలో మాటలు ఉండిపోతాయి. రెండు నెలలు తిరక్కుండా తరగతిలో నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు ఒకరోజు, "ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావు?" అని అడిగితే, "ఇంట్లోనేనండి," అన్నాను.

కోసిన పేజీలు అయిపోయిన రోజు చాకు తీసుకుని తర్వాతి మడత కోశాను. ఓడల గురించిన కొత్త పాఠం. మూడో వరసలో ఒక చిన్న పడవ పేరు వచ్చింది. దాన్ని "యాచ్ట్" అని చదివాను.

"యాట్," అంది పిన్నిగారు తలుపు అవతల నుంచి.

చాకు ఇంకా నా చేతిలోనే ఉంది. అంచు మీద కాగితం పొట్టు ఉంది.

"ఈ పాఠం మీ అబ్బాయి చదివాడాండి?"

"చదివే ఉంటాడు."

"ఇక్కడ కాగితాలు కొయ్యలేదండి. నేనే ఇప్పుడు కోశాను."

వత్తి చేస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అయితే చదవలేదేమో," అని మళ్ళీ పత్తి అందుకుంది. "కానియ్ నాయనా, పొద్దు వాలుతోంది."

ఆ మాట బడిలో విని వచ్చి ఇంట్లో చెప్పి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. ఒక్క మాటైతే అలా సర్దుకోవచ్చు. తర్వాతి పది రోజుల్లో అలాంటివి ఆరో ఏడో వచ్చాయి. ప్రతిసారీ నేను తప్పు పలకడం, ఆవిడ దిద్దడం, మర్నాడు మాస్టారు ఆవిడ దిద్దిందే సరి అనడం. ఇల్లు మారిపోదామనుకున్నాను. కాని పరీక్ష నాలుగు నెలల్లో ఉంది. నా నోరు తిరుగుతోంది. భయం కన్నా పరీక్ష పెద్దదనిపించి ఉండిపోయాను.

శ్రావణంలో గోదావరికి వరద వచ్చింది. ఎర్రనీళ్ళు రేవు మెట్లన్నీ మింగి గట్టు అంచు దాకా లేచాయి. ఒకరోజు బడి మధ్యాహ్నానికే వదిలేశారు. నేను ఇంటికి వచ్చేసరికి ఎండ తెల్లగా కాస్తోంది. వీధిలో ఎవరూ లేరు, అందరూ వరద చూడటానికి వెళ్ళారు. వాకిట్లో అడుగుపెట్టగానే నా గదిలోంచి ఇంగ్లీషు వినిపించింది.

చదువుతున్నది మగ గొంతు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడి గొంతు. తొందరపడకుండా, కామా దగ్గర కొంచెం, ఫుల్‌స్టాపు దగ్గర ఇంకొంచెం ఆగుతూ చదువుతోంది. పొగమంచులో దారి తప్పిన ఓడ. పక్కవాడి ముఖం పక్కవాడికి కనబడటం లేదు. నావికులు గంట కొట్టి చూస్తున్నారు, ఎక్కణ్ణుంచీ జవాబు లేదు. అక్కడ ఆ గొంతు రెండుసార్లు దగ్గి, మళ్ళీ అందుకుంది.

తలుపు తోశాను. చాప మీద పిన్నిగారు కూర్చుని ఉంది. ఒళ్ళో పుస్తకం ఉంది, తలకిందులుగా. గదిలో ఇంకెవరూ లేరు.

"వచ్చావా? కాళ్ళు కడుక్కో నాయనా, వడ్డిస్తాను," అంది, తన మామూలు గొంతుతోనే.

"ఇందాక మీరేనా అండి చదివింది?"

"నాకు చదువెక్కడిది? వింటున్నాను."

సాయంత్రం పాఠం వేళకు చాకుతో తర్వాతి మడత కోశాను. పొగమంచులో ఓడ ఆ మడత లోపల ఉంది. మొదటి వాక్యం నుంచి గంట దాకా, నేను వాకిట్లో నిలబడి విన్నదే. నేను చదువుతుంటే ఆ రోజు ఆవిడ ఒక్క మాటా దిద్దలేదు. దిద్దడానికి నేను తప్పు చదవలేదు. ఎలా పలకాలో మధ్యాహ్నమే విన్నాను.

దసరా సెలవులు వెళ్ళాక ఒక సాయంత్రం పాఠం మొదలుపెట్టబోతుంటే పిన్నిగారు గుమ్మం దాటి లోపలికి వచ్చి గోడవారగా కూర్చుంది.

"ఇప్పుడు నీకు చాలా మాటలు వచ్చాయి కదా నాయనా?"

"కొన్ని వచ్చాయండి."

"మావాడికి జ్వరం తలకెక్కాక తెలుగు పోయింది. మూడు రోజులు ఇంగ్లీషే మాట్లాడాడు. మా ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? నేను పక్కనే కూర్చుని మాట మాటా చెవిలో పెట్టుకున్నాను. అర్థం చెబుతావా?"

చెప్పండి అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. వరద రోజు విన్న గొంతే వచ్చింది, కాని ఈసారి ఎండిపోయి, తెగిపోతూ.

"మై టంగ్ ఈజ్ పార్చ్‌డ్. సఫర్ మి టు క్వెంచ్ ఇట్."

మళ్ళీ అదే. మళ్ళీ అదే. అయిదారుసార్లు అని కళ్ళు తెరిచింది. నాలుక అన్న మాట నాకు తెలుసు. సఫర్ అంటే బాధపడటం అని తెలుసు. మిగిలిన రెండు మాటలూ తెలియవు. "రేపు కనుక్కుని చెబుతానండి," అన్నాను.

మర్నాడు బడి వదిలాక మాస్టారి బల్ల దగ్గర నిలబడి ఆ వాక్యం చెప్పాను. ఆయన రాస్తున్న కలం పక్కన పెట్టారు.

"ఈ మాటలు నీకు ఎక్కడివి?"

ఏ ఇంట్లో ఉంటున్నానో చెప్పాను. ఆయన సొరుగులోంచి పాత జాబితాల పుస్తకం తీసి, వెనక్కి తిప్పి ఒక పేజీ చూపించారు. పార్చ్‌డ్, క్వెంచ్ రెండూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"ఇది ఇచ్చిన మర్నాడు ఆ అబ్బాయి రాలేదు. మరి రానే లేదు. తర్వాత ఏ తరగతికీ ఈ జాబితా ఇవ్వలేదు నేను. పార్చ్‌డ్ అంటే నీరు లేక ఎండిపోవుట. మీ పొలము ఎండలో బీటలు తీస్తుంది కదా, అట్లు. క్వెంచ్ అంటే దాహము తీర్చుకొనుట. సఫర్ అంటే ఇక్కడ బాధ కాదు. పాత పుస్తకాలలో దానికి అనుమతించు అని కూడా అర్థము."

నేను మనసులో వాక్యం కూడబలుక్కున్నాను. నా నాలుక ఎండిపోయింది. తడుపుకోనివ్వండి.

"ఇంటిపనికి కట్టుకున్న వాక్యమేమో కదండీ?" అన్నాను.

"అయి ఉండవచ్చును," అన్నారు. కాని నా ముఖం చూడలేదు.

ఆ రోజుల్లో జ్వరం వస్తే లంఖణం కట్టించేవారు. నీళ్ళు చుక్క పోయనిచ్చేవారు కాదు. దారి పొడుగునా ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ నడిచాను. ఇల్లు చేరేసరికి ఆవిడ అరుగు మీదే కూర్చుని ఉంది.

"అది దేవుడికి చేసిన ప్రార్థనండి," అన్నాను.

పిన్నిగారు కొంగుతో అరుగు తుడిచి నన్ను కూర్చోమంది.

"నీకన్నా ముందు ఈ గదిలో ముగ్గురు ఉన్నారు నాయనా. ఒకడూ ఆ పుస్తకం జోలికి పోలేదు. ఎవరి పుస్తకాలు వాళ్ళు చదువుకున్నారు. మొదటివాడు నీలాగే ప్రార్థన అన్నాడు. రెండోవాడు, అమ్మా ఏడవకు అన్నాడని చెప్పాడు. మూడోవాడు తనకు అంత ఇంగ్లీషు రాదన్నాడు. చెప్పిన వారానికల్లా ముగ్గురూ వెళ్ళిపోయారు. వెళ్ళాలనుకుంటే నువ్వూ వెళ్ళు. నిజం చెప్పి వెళ్ళు."

చెప్పాను. ముందు తెలుగులో అర్థం చెప్పి, ఆ మాటలు ఆ వారం బడిలో ఇచ్చినవేనని, అతను పాఠమే అప్పజెప్పుకున్నాడేమోనని కూడా అన్నాను.

"పాఠమైతే ఇరవై మాటలుంటాయి కదా. మూడు రోజులూ అదొక్కటే ఎందుకంటాడు?" అంది. తర్వాత, "చెంబు నా పక్కనే ఉంది. పొయ్యొద్దని వైద్యుడు ఒట్టు పెట్టించుకున్నాడు. వాడు చెంబు వంక చూస్తూనే ఉన్నాడు. మాట కూడా అదే అని ఇవాళ తెలిసింది," అని లేచి లోపలికి వెళ్ళింది.

రెండు రోజుల తర్వాత తాళం చెవి నాకు ఇచ్చి, పడవలో గోదావరి దాటి కొవ్వూరులో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళింది. వంట చేసుకోవడానికి సామాను చూపించింది. ఎప్పుడు వస్తుందో చెప్పలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒంటరిగా గదిలో కూర్చుని పుస్తకం తెరిచాను. అలవాటు కొద్దీ పైకే చదువుతున్నాను. ఎలా పలకాలో తెలియని మాట ఒకటి అడ్డొచ్చింది. తోచినట్టు పలికి ఆగాను. ఎందుకు ఆగానో కొంచెంసేపటికి గాని నాకు తెలియలేదు. తలుపు అవతల నుంచి దిద్దుబాటు కోసం చూస్తున్నాను. ఇంకోసారి పలికాను. వసారాలో ఎండ పడుతోంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం ఖాళీ ఇంటిదిలా లేదు. ఎవరో విని, తప్పు అని తెలిసి, ఊరుకున్నట్టు ఉంది. వరద నాడు ఆ గొంతు విన్నప్పుడు కూడా నేను అంత భయపడలేదు. పుస్తకం గూట్లో పెట్టి, మూట కట్టుకుని, తాళం చెవి పక్కింటివాళ్ళకు ఇచ్చి, సాయంత్రానికి ఒక సహాధ్యాయి బసకు చేరుకున్నాను.

మార్గశిరంలో పరీక్ష రాశాను. మాఘంలో ఫలితాలు వచ్చాయి. రెండో తరగతిలో నెగ్గాను. రామచంద్రపురంలో బడిపంతులు ఉద్యోగం దొరికింది. వెళ్ళే ముందు పిన్నిగారు కొవ్వూరు నుంచి తిరిగి వచ్చిందని తెలిసి, చెప్పి పోదామని వెళ్ళాను. ఆవిడ చిక్కిపోయి ఉంది. నాకు పెరుగన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. చెప్పకుండా ఇల్లు వదిలేసినందుకు ఒక్క మాటైనా అనలేదు.

"ఇప్పుడేమీ వినపడటం లేదు నాయనా. కొవ్వూరులోనూ వినపడలేదు. ఇక్కడా లేదు."

"నేను చెప్పకుండా ఉండవలసిందాండి?" అన్నాను.

"అడిగింది నేను కదా," అంది. నా విస్తట్లో ఇంకొంచెం పెరుగు వేసింది. "అప్పుడప్పుడు మటుకు అనుకుంటాను. ఆ మూడోవాడిలాగా, నాకు అంత ఇంగ్లీషు రాదని నువ్వూ అనేసి ఉంటే బాగుండేదని."