ఆఖరి భాగం మా వదిన దగ్గర

మొదటి అధ్యాయంలోనే హీరో ప్రేమించేశానని చెప్పేసే నవలలంటే నాకు ఒళ్లుమంట. నాకు రాజుల కాలం కథ కావాలి. అందులో కోట, దళపతి, మంత్రిగారి అమ్మాయి ఉండాలి. వాళ్లిద్దరూ ఒకరినొకరు సరిగ్గా చూసుకోవడానికి వంద పేజీలు, మాట్లాడుకోవడానికి ఇంకో వంద పేజీలు పట్టాలి. తాంబూలం అందుకునేటప్పుడు వేలికి వేలు తగిలితే ఆ వారానికి కథ అక్కడ ఆగిపోవాలి. అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో చరిత్ర ఎం.ఏ. చదివేటప్పుడు, ఏ నవల చదవాలో క్లాసులో అందరికీ నేనే చెప్పేవాణ్ణి. అడిగినవాళ్లకీ చెప్పేవాణ్ణి, అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. అడిక్‌మెట్‌లో గదులు తీసుకుని ఉండే మా క్లాసు కుర్రాళ్లు నన్ను దూరం నుంచి చూసి దారి మార్చేసేవాళ్లు.

నా సరుకంతా మా వదినది. అన్నయ్యకు ప్రభుత్వాఫీసులో ఉద్యోగం కావడంతో కర్నూలు నుంచి వచ్చి తార్నాకలో ఇల్లు తీసుకున్నాం. వదిన వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను వారం వారం చింపి దాచి, నవల పూర్తి కాగానే దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. అలా కుట్టిన మూడు నవలలు నల్లకుంటలో ఎవరి ఇంటికో వెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఏ నవలకైనా ఆఖరి భాగం కుట్టదు. అది విడిగా ఆవిడ ట్రంకుపెట్టెలో, పట్టుచీరల కింద ఉంటుంది. పుస్తకం తిరిగి ఇచ్చినవాళ్లకే ఆ కాగితాలు దక్కుతాయి.

"పుస్తకం వాపసు తెచ్చినోళ్లకే పెండ్లి ఎట్లయిందో తెలుస్తాది. తేనోళ్లకు తెలీకపోతే నాకేమప్పా?" అనేది.

ఆ చట్టాన్ని అందరూ తిట్టుకున్నారు, నేను తప్ప. ఎందుకంటే మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. వాళ్లది భువనగిరి వైపు వ్యవసాయ కుటుంబం. తండ్రికి మిల్లులో పని దొరికి అంబర్‌పేట్‌లో స్థిరపడ్డారు. ఆ రోజుల్లో క్యాంపస్‌లో ఆడపిల్లతో నిలబడి మాట్లాడాలంటే చేతిలో ఏదో కారణం ఉండాలి. పుస్తకాన్ని మించిన కారణం లేదు. పుస్తకం ఇవ్వడానికి ఒకసారి, అది తీసుకుని ఆఖరి భాగం ఇవ్వడానికి ఒకసారి, ఆ ఆఖరి భాగం తిరిగి తీసుకోవడానికి ఒకసారి. వదిన పుణ్యమా అని నవలకు మూడు సార్లు ఆ అమ్మాయిని కలిసేవాణ్ణి.

అలా ఏడాదిన్నర గడిచింది. ఆ అమ్మాయి ప్రతి నవలకూ ఒకటే అభిప్రాయం చెప్పేది.

"మంచిగనే ఉన్నది. గని శానా నిదానం."

"అందం అంతా ఆ నిదానంలోనే ఉందండీ" అని నేను పెద్ద విమర్శకుడిలా తల పంకించి, ఇంకా నిదానమైనది వెతికి తెచ్చేవాణ్ణి.

పరీక్షలు నెల రోజులున్నాయనగా, కాలేజీ మెట్ల దగ్గర పుస్తకం తిరిగి ఇస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

"పరీక్షలు అయినంక ఒక సంబంధం చూస్తున్నరు మావోళ్లు."

ఆఖరి భాగం చేతిలోనే ఉన్నా మర్నాడు ఇస్తానని అబద్ధమాడి ఇంటికి పరిగెత్తాను. ఉత్తరం రాయడానికి కూర్చుంటే మామూలు తెలుగు ఒక్క ముక్క రాలేదు. నేను చదివిందంతా దళపతుల భాషే కదా. "ఓ సుకుమారీ" అని మొదలుపెట్టి నాలుగు కాగితాలు నింపాను. తార్నాకలో బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా ఆమే కనిపిస్తున్నదన్నాను. లైబ్రరీలో పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించడం లేదన్నాను. ఎం.ఏ. పరీక్షలు నాకు తృణప్రాయమన్నాను. పెళ్లి అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు, అంత తొందరపడటం మర్యాద కాదని. ఆ నాలుగు కాగితాలనూ ఆఖరి భాగం మధ్యలో పెట్టి మర్నాడు ఆమె చేతికిచ్చాను.

నాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ఇంట్లో నవల ఎవరూ మనసులో చదువుకోరు. వాళ్ల నాయనమ్మకు చదువు రాదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ అమ్మాయి పైకి చదవాలి. నాయనమ్మా తల్లీ కూర్చుని వింటారు. తండ్రి ముఖాన తువ్వాల కప్పుకుని మంచం మీద పడుకుంటాడు. ఇదంతా సోమవారం నాడు ఆమె చెప్తేనే తెలిసింది.

"మీ కాయితాలు నిన్న సదివిన" అంది.

"ఏమనుకున్నారు?" అడిగాను.

"నేనొక్కదాన్నే సదువలే. ఇంట్ల అందరికి ఇనిపించిన."

మెట్ల మీదే నిలబడి జరిగిందంతా చెప్పుకొచ్చింది. దళపతి గుర్రం దిగాడట. పేజీ తిప్పితే నా దస్తూరీ. ఆమె ఒక్క క్షణం తడబడేసరికి నాయనమ్మ "ఆగినవేంది బిడ్డా, సదువు" అందట. ఆపితే ఆ కాగితాలేమిటని అందరూ అడుగుతారు. అందుకని కథలో భాగమే అన్నట్టు చదువుకుంటూ పోయిందట. బస్సును గుర్రబ్బండి చేసింది. లైబ్రరీని గుడి మండపం చేసింది. ఎం.ఏ. పరీక్షలను యుద్ధం చేసింది. అంత భయంలోనూ, నా వాక్యాలు ఆమె మార్చాకే బాగున్నాయనిపించింది.

"నాయనమ్మ ఏమన్నారు?"

"పిలగాడు మంచోడే గని మాట తెమలదన్నది. గిట్లనే నానవెడితే ఆ పిల్ల ముసల్దైతదన్నది."

"మీ నాన్నగారు నిద్రపోయారా?"

"పండుకున్నట్టే ఉండె. అంత అయినంక తువ్వాల తీసి, ఆ రాజ్యంల తార్నాక యాడున్నది బిడ్డా అని అడిగిండు."

ఆ ఒక్క మాట మార్చడం మర్చిపోయింది.

"ఆదివారం మిమ్మల్ని ఇంటికి రమ్మన్నడు" అని చెప్పి క్లాసుకు వెళ్లిపోయింది. ఆమె ముఖంలో నాకు ఏమీ తెలియలేదు. కోపమో, జాలో, ఇంకేదో. ఆ వారం నేను అన్నం సరిగా తినలేదు. చివరికి వదినకు చెప్పేశాను. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"తన్నులేమన్నా ఉంటే నువ్వు పోయి తినేసి రాప్పా. మాట్లాడుకునేది ఉంటే మీ అన్నా నేనూ తర్వాత వస్తాం" అంది.

అంబర్‌పేట్‌లో వాళ్ల నాన్నగారు నాకు కుర్చీ వేశారు. టీ ఇప్పించారు. నాయనమ్మ గడప పక్కన కూర్చుని నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఆయన నా నాలుగు కాగితాలూ నా ముందు పెట్టారు.

"గివి నాకు సమజ్ గాలే బాబు. ఒక్క మాటల జెప్పు" అన్నారు.

నాకు తెలిసిన దళపతులందరినీ తలుచుకున్నాను. ఒక్కడూ సాయానికి రాలేదు.

"మీ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలని ఉందండీ" అన్నాను.

చెప్పడానికి ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు. ఏడాదిన్నర నుంచి నేను ఏం చేస్తున్నానా అని సిగ్గేసింది. ఆయన లోపలి గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు తల తిప్పారు.

"నువ్వేమంటవ్ బిడ్డా?"

నా నవలల్లోనైతే ఆ అమ్మాయి తల దించుకుని కాలి బొటనవేలితో నేల మీద గీయాలి. నాలుగు వారాలు ఆగితే గానీ జవాబు రాకూడదు. ఆమె తల ఎత్తి సూటిగా తండ్రినే చూసింది.

"మొదటి లైనుకే తెలిసింది నాయనా, అది కథ గాదని. నాకు వద్దనిపిస్తే కాయితం మడిచి పక్కకు వెట్టి కథే సదివేదాన్ని. నాలుగు కాయితాలు నీకు ఇనవడేటట్టు గట్టిగ సదివిన."