చేపలకు దాచిన వాననీళ్లు

గునుంగ్ కిదుల్ కొండల్లోని ఆ పేటలో సగియో చేతికింద వంగని తల లేదు. మంగలి పనిలో మొనగాడు. మనిషి మంచివాడే గానీ నోరు కాస్త పెద్దది. కత్తెర ఆడిస్తూ ఊరందరికీ నీతులు చెప్పేవాడు, అందులోనూ పిసినారుల మీద మరీను. వినక ఏం చేస్తారు, మెడ మీద కత్తి ఉందాయె.

నడివయసులో అతనికి చేపల తొట్టి పిచ్చి పట్టుకుంది. రెండు జానల గాజుపెట్టె, అడుగున నల్లమట్టి, మట్టిలో సన్నటి నీటిగడ్డి, ఆ గడ్డి మధ్య తిరిగే గోరంత ఎర్రచేపలు. గడ్డి పెరిగితే క్షవరం కత్తెరతోనే సరిచేసేవాడు.

"నా జుట్టు ఒక్కనాడైనా అంత ముద్దుగా కత్తిరించావా?" అనేది భార్య సుమార్ని.

"నువ్వు కుదురుగా కూర్చుంటేగా," అనేవాడు.

రాళ్ల దగ్గర బోల్తా పడ్డాడు. ఊరి కొండరాయి తెల్లగా బాగుందని తెచ్చి తొట్టిలో పేర్చాడు. అది సున్నపురాయి. నీళ్లలోకి సున్నం దిగింది, గాజుకు తెల్లచార కట్టింది, ఆకులు పండిపోయాయి. వొనోసారి టౌను నుంచి చేపల సంఘం వాళ్లు ఆదివారం చూడ్డానికొస్తామన్నారు. ఆ రాళ్లు పీకేసి నల్లరాయి పెట్టాలి, పాత నీళ్లు తోడేసి సున్నం లేని వాననీళ్లు పొయ్యాలి.

వాననీళ్లకు లోటు లేదు. చూరు నుంచి పట్టినవి పెరట్లో సిమెంటు ట్యాంకులో సగం దాకా ఉన్నాయి. పేటలో మిగతా ట్యాంకులన్నీ ఎండి చాలా రోజులైంది. వానల జాడ లేదు.

శుక్రవారం దిగువింటి తుకియెం అవ్వ ఖాళీ బకెట్లతో మెట్లెక్కి వచ్చింది. మనవరాలికి చంటిబిడ్డ.

"రెండు బకెట్లు బదులివ్వు నాయనా. ధర్మానికి పోసే లారీ వస్తుందంటున్నారు, రాగానే నీ బాకీ తీర్చేస్తా."

రెండు బకెట్లు ఒక లెక్కా? కాదు. కానీ ఆమెకిస్తే పేటంతా బకెట్లు పట్టుకొస్తుంది, తొట్టి నీళ్లు మార్చడానికి మిగలవని సగియోకు భయం పట్టుకుంది. చేపలకు కావాలి అందామంటే నోరు రాలేదు.

"అడుగంటిపోయింది అవ్వా. బురద తప్ప ఏం లేదు," అనేశాడు.

"అయ్యో నా తండ్రీ, మరి మీరేం తాగుతున్నారు?" అంది అవ్వ. వచ్చిన పని మరిచిపోయి, సగియో సంసారం గురించి బెంగపడుతూ మెట్లు దిగింది. సుమార్ని వంటింట్లోంచి మొగుడి వంక ఒక చూపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు.

శనివారం తొట్టిలో రాళ్లూ నీళ్లూ మార్చాడు. ఆదివారానికి నీళ్లు అద్దంలా తేరాయి. సంఘం వాళ్లు ఆ కొండల్లో ఇష్టంగా తినే వేయించిన మిడతలు నములుతూ, తీపి టీ తాగుతూ తొట్టి చుట్టూ గొంతుకూర్చున్నారు.

"ఈ సున్నపు కొండల్లో ఇంత మంచి నీళ్లు ఎక్కడివి సగియోగారూ?"

"వాననీళ్లు. వీటికోసమే దాచా," అన్నాడు సగియో, ఛాతీ పొంగించి.

అప్పుడే బయట లారీ హారన్ మోగింది. తుకియెం అవ్వ గొట్టం కొస భుజాన వేసుకుని, వెనకాల డ్రైవరుతో పెరట్లోకి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ముందు నా డ్రమ్ము దగ్గరే ఆపారు నాయనా. నాదేముంది, తర్వాతి లారీకి పట్టుకుంటానన్నా. పాపం సగియోకి తాగడానికి చుక్క లేదు, పిల్లలున్న ఇల్లు, ముందు అక్కడ పొయ్యండని తీసుకొచ్చా."

సగియో గబుక్కున లేచి పెరట్లోకి పరిగెత్తాడు. అతను అడ్డం వెళ్లేలోపే డ్రైవరు ట్యాంకు మూత ఎత్తాడు. లోపల నీళ్లు తళతళలాడాయి. సంఘం వాళ్లు కూడా పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఇదేంటవ్వా, నీళ్లు బాగానే ఉన్నాయిగా?" అన్నాడు డ్రైవరు.

అవ్వ తొంగి చూసింది. సగియో ముఖం చూసింది. గుమ్మంలోని కొత్తవాళ్లను చూసింది.

"పైకి అట్టా కనపడతాయి నాయనా. అడుగంతా బురదే, తాగడానికి పనికిరావు. పొయ్యి, పొయ్యి," అంది.

గొట్టం బుసకొట్టింది. సగియో ఆపమని అరవాలి, తను అబద్ధమాడానని చెప్పాలి. టౌను వాళ్ల ముందు పరువు పోతుందన్న ఆలోచనే అప్పటికీ గెలిచింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లారీ నీళ్లు అంచుదాకా నిండాయి. అవ్వ ఖాళీ చేతులతో మెట్లు దిగి వెళ్లింది.

విందు మధ్యలోనే అతను లేచి రెండు బకెట్లు నింపుకుని కిందికి పరిగెత్తాడు. మర్నాడూ మోశాడు, వానలు పడేదాకా రోజూ మోశాడు. క్షవరాల వేళ నీతులు ఆగిపోయాయి. సగియోకేమైందని పేటలో కొన్నాళ్లు చెప్పుకున్నారు.

క్షమించమని అడగడానికి చాలాసార్లు నోరు తెరిచాడు. అవ్వ అడగనిచ్చేది కాదు. బకెట్లు అందుకుని, ఎప్పుడూ ఒకటే మాట అడిగేది.

"మీకున్నాయా నాయనా?"

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని సగియో ప్రతిసారీ ఆమె కళ్లలోకి చూసేవాడు. ఉంటే బాగుండునని కోరుకునేవాడు. ఎంత వెతికినా కనిపించేది కాదు.