సున్నం గాలయ్య

గాలయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఎండ పడే వస్తువు ఏది కనపడినా దానికి సున్నం కొట్టకుండా ఉండలేడు. సైకిల్ సీటుకు కొట్టాడు, నీళ్ల ట్యాంకుకు కొట్టాడు, నల్ల గొడుగుకు కొట్టాడు. ఆ గొడుగు వేసుకుని పెళ్లికి బయల్దేరిన ఆయన భార్య రామమ్మ, దారిలో వాన పడితే ఒళ్లంతా తెల్లచారలతో తిరిగొచ్చింది. ఒకసారి ఎండలో కట్టేసిన బర్రె వీపుకు కూడా పూశాడనీ, దాని యజమాని బర్రె పోయిందనుకుని ఏడుపాయల గుడి దాకా వెతికి వచ్చాడనీ మెదక్‌లో చెప్పుకుంటారు. బర్రె మాత్రం కట్టిన చోటే సుఖంగా నెమరేస్తూ ఉందట.

"పొద్దున లేవంగనే అద్దంల చూసుకుంట, నాకు గూడ పూసిండేమో అని," అనేది రామమ్మ.

ఈ జబ్బు ఆయనకు కోళ్ల నుంచి అంటుకుంది. కోళ్ల వ్యాపారం పుంజుకున్న రోజుల్లో చేగుంట వైపు ఫారాల్లో పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. ఎండాకాలం మొదలవగానే అక్కడ షెడ్ల రేకులన్నిటికీ సున్నం కొట్టించేవారు. తెల్లటి రేకు ఎండను వెనక్కి తిప్పికొడుతుంది, లోపల నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది, కోడి బతుకుతుంది. పని మానేసి ఇంటికొచ్చి చూస్తే, తుప్పుపట్టిన రేకుల కింద గల్లీ గల్లీ మాడిపోతోంది. "కోడికి కొడ్తరు, మనిషికెందుకు కొట్టరు?" అని కనపడిన ప్రతివాణ్ణీ అడిగాడు. "కోడినైతే అమ్ముకుంటరు కాకా. నిన్నెవడు కొంటడు?" అన్నారు. అప్పటినుంచి బకెట్టూ కుంచే పట్టుకుని, అడిగినా అడగకపోయినా జనం ఇళ్లెక్కడం మొదలుపెట్టాడు.

మనుషుల్ని కూడా కోళ్ల లెక్కలోనే చూసేవాడు. "ఎండ ముప్పై ఎనిమిది దాటితే నోరు తెరుస్తది. నలభై దాటితే రెక్కలు జారేస్తది. నలభై మూడు దాటితే ఇగ బొంద తవ్వుడే," అని పలకరించేవాడు. హోటల్లో కూర్చున్నవాళ్లు చాయ్ సగంలో వదిలేసి లేచిపోయేవారు.

అందరికీ నవ్వులాటగా ఉన్న ఈ మనిషంటే చర్చి వెనక గల్లీలోని యేసమ్మకు మాత్రం భయం. రెండువేల పది మే నెల అది. తెలంగాణ ఇస్తామన్నవాళ్లు మళ్లీ నాన్చుతున్నారని ఊరంతా ధర్నాలు, జెండాలు. యేసమ్మకు అవేవీ పట్టలేదు. నెలలు నిండకుండా పుట్టిన పాప ఆమె ఒళ్లో ఉంది. భర్త రిచర్డ్ పటాన్‌చెరు ఫ్యాక్టరీ నుంచి ఆదివారమే వస్తాడు. దవాఖానలో "బిడ్డను సల్లటి జాగల ఉంచమ్మా" అని చెప్పి పంపించారు. ఆ చల్లటి జాగ ఎక్కడ దొరుకుతుందో మాత్రం చీటీ మీద రాయలేదు. ఉన్నది ఒంటి గది, నెత్తిమీద రేకు. తడి చీర కట్టి చూసింది, అరగంటలో అప్పడంలా ఎండింది. గోనెసంచి తడిపి పరుద్దామంటే బోరులో నీళ్లు లేవు.

పోనీ సున్నమే కొట్టించుకుందామంటే ఇంటి ఓనర్ పరశురాం ఒప్పుకోలేదు. ముందున్న స్లాబు ఇల్లు ఆయనది, వెనక రేకుల గది కిరాయికిచ్చాడు. ఉద్యమంలో తిరుగుతూ కౌన్సిలర్ కావాలని చూస్తున్న మనిషి.

"సున్నం కొడ్తె రేకు తుప్పు పడ్తది. గా ముసలోడు నిచ్చెన ఏసిండంటే నువ్వు గది ఖాళీ చేసుడే," అన్నాడు.

అందుకే గాలయ్య వచ్చినప్పుడల్లా యేసమ్మ చేతులు జోడించేది. "తాతా, నీకు పుణ్యముంటది, ఇటు రాకు. ఉన్న గది గూడ పోతది."

"ఎక్కనులే అమ్మా. పాపను జూసి పోత," అని గడపలోంచి తొంగి చూసి వెళ్లేవాడు.

ఆ వారం ఎండ నలభై నాలుగు దాటింది. పాప పాలు తాగడం మానేసి, నోరు తెరిచి రొప్పసాగింది. యేసమ్మ దవాఖానకు పరుగెత్తింది. పాలు పిండి చెంచాతో పట్టమన్నారు, చల్లగా ఉంచమన్నారు. మళ్లీ అదే రేకు కిందికి వచ్చి కూర్చుంది. ఇక ఈ బిడ్డ తనకు దక్కదనుకుంది. సాయంత్రం గాలయ్య వచ్చి పాపను చూశాడు. కోళ్ల లెక్క చెప్పలేదు. ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయాడు. ఆ పిచ్చి మనిషికే మాట రాలేదంటే ఇంకేం మిగిలిందని ఆమె కుమిలి కుమిలి ఏడ్చింది.

మర్నాడు తెల్లవారగానే నెత్తిమీద రేకు దడదడలాడింది. నిచ్చెన చప్పుడు, బకెట్ చప్పుడు. గది పోయిందనుకుని యేసమ్మ పాపను ఎత్తుకుని బయటికి ఉరికింది. ఎదురుగా పరశురాం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా, నేను రమ్మనలే," అంది యేసమ్మ.

"నేనే రమ్మన్న," అన్నాడు పరశురాం.

సంగతేమిటంటే, ఆదివారం సభకు పెద్ద నాయకుడొకాయన హెలికాప్టర్‌లో వస్తున్నాడు. రాత్రి గాలయ్య పరశురాం దగ్గరికి వెళ్లి, "గోడల మీద అందరు రాస్తరు లీడర్ సాబ్. మీదికెళ్లి వచ్చెటాయనకు గోడలు కనిపిస్తయా? రేకులు కనిపిస్తయి గని," అన్నాడట. ఆ మాట తలకెక్కి పరశురాం తుప్పు సంగతే మర్చిపోయాడు.

"జై తెలంగాణ అని లావుగ రాయి," అని కిందినుంచి ఆర్డరు వేశాడు.

"లావుగనే రాస్తున్న."

"నా పేరు దానికంటె లావుగుండాలె."

"దానికంటె లావుగనే," అన్నాడు గాలయ్య, కుంచె ఆపకుండా.

"పక్కన జెండ గూడ ఎయ్యి."

"జెండ, జెండ కట్టె, జెండ ఎగిరే గాలి, అన్ని ఏస్త."

ఎండ ముదిరేలోపు పని అయిపోయింది. మధ్యాహ్నం రోజూలా రేకు చిటపటమనలేదు. గది చల్లబడిందని చెప్పలేం గానీ, మనిషి ఓర్చుకోగల వేడే ఉంది. పాప మెల్లగా నోరు కదిపి పాలు తాగి, నిద్రపోయింది. యేసమ్మ గోడకు ఆనుకుని ఆలోచనలో పడింది. ఈ గల్లీలో గాలయ్య అడక్కుండా ఎక్కిన ఇళ్లు ఏడు. ఆ ఏడింటిలో పసిబిడ్డో, మంచం పట్టిన ముసలివాళ్లో లేని ఇల్లు ఒక్కటీ లేదు. తిక్కతో తిరుగుతున్నాడనుకున్న మనిషి ప్రతి గడపా తొంగి చూసి ఎంచుకున్నాడన్నమాట. అలాంటివాణ్ణి ఇటు రావద్దన్నందుకు ఆమెకు సిగ్గేసింది.

అంతలో తన పేరు చూసుకుందామని పరశురాం నిచ్చెన ఎక్కాడు. దిగేసరికి ముఖం ఎర్రబడింది.

"అక్షరాలేవి? మొత్తం తెల్లగుంది."

"నువ్వు లావుగ రాయమన్నవు. రేకు గింతే ఉండె. ఒకదాంట్ల ఒకటి కలిసినయి," అన్నాడు గాలయ్య చేతులు కడుక్కుంటూ. "దగ్గరికెళ్లి జూస్తె గట్లనే ఉంటది. హెలికాప్టర్ల కూసొని జూడాలె."

"నన్ను ఎడ్డోణ్ణి చేస్తున్నవా? యేసమ్మా, సామాను తీయి," అంటూ పరశురాం గదిలోకి దూసుకొచ్చాడు.

రెండడుగులు వేసి ఆగిపోయాడు. మెడ తుడుచుకున్నాడు. నిద్రపోతున్న పాపను చూశాడు, తలెత్తి రేకును చూశాడు.

"ఫ్యాన్ ఏడున్నది?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఫ్యాన్ లేదన్నా. పొద్దటిసంది కరెంటే లేదు," అంది యేసమ్మ.

పరశురాం గడప మీద కూలబడ్డాడు. స్లాబు ఇంటి పై గదిలో ఆయన తల్లి మూడు రోజులుగా తడిగుడ్డ కప్పుకుని మూలుగుతోంది. అది యేసమ్మకు తెలుసు, గాలయ్యకూ తెలుసు. పరశురాం తల తిప్పి ఆ పై గది వైపు చూశాడు.

"కాకా, మా స్లాబు మీద ఏం రాయొచ్చు?"

గాలయ్య బయటికి వెళ్లి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, స్లాబును ఈ చివరినుంచి ఆ చివరిదాకా తీరిగ్గా చూశాడు.

"మస్తు పెద్దగుంది. మీ ఖాందాన్ పేర్లన్ని పడ్తయి," అన్నాడు.

పాప లేస్తుందని యేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.