గీత పోని మూల

కాలేజీలో ఆయన్ని అందరూ బాణాల మాస్టారంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? లెక్కల విభాగంలో చివరి గది ఆయనది. ఎప్పుడు తొంగి చూసినా కంప్యూటర్ తెర నిండా బాణాలే. గదిలో గాలి ఎటు పోతోందో తెలియాలంటే, ప్రతి చోటా ఒక చిన్న బాణం ఉందనుకోవాలి. గాలి ఎటు వెళ్తే బాణం మొన అటు. జోరెక్కువైతే బాణం పొడుగు. కాగితం మీదైతే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ గదికి ఎత్తు కూడా ఉంది కదా! పైనా కిందా ముందూ వెనకా బాణాలు నింపితే తుమ్మకంపలా తయారై ఏమీ కనపడదు. అందుకని ఒక నలుసును ఓ చోట వదిలి, బాణాలు దాన్ని ఎటు తోసుకుపోతే అటు గీత గీస్తారు. నలుసును ఎక్కడ వదలాలన్నదే ఈ విద్యలో అసలు కిటుకు.

మాస్టారు అందులో దిట్టే, ఒప్పుకోవాలి. ఉన్న జబ్బల్లా ఒకటే, మాట పడడు. తప్పు చూపించినవాళ్ళతో రోజుల తరబడి మాట్లాడడు. చిన్నప్పుడూ అంతే. అమ్మ పోయాక పెంచింది అక్క. ఎక్కం తప్పు చెప్పావురా అని అక్క అంటే చాలు, అన్నం మానేసి మూతి ముడుచుకు కూర్చునేవాడు. బతిమాలి తినిపించేదీ అక్కే.

ఆ అక్క బూట్ల కార్ఖానాలో అడుగులకు బంక పూసే పని చేసేది. కార్ఖానా కొత్త హాలుకు మారుతున్నప్పుడు ఎవరి బల్ల ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చింది. బంకకు నేరుగా గాలి తగిలితే అతికించే లోపే ఆరిపోతుంది. గాలి అసలు ఆడకపోతే ఆ ఘాటు మనిషిని తినేస్తుంది. "మా తమ్ముడు చూసి చెప్తాడు, ఇలాంటి లెక్కల్లో వాడి తర్వాతే ఎవరైనా," అని అక్క యజమానికి గొప్పగా చెప్పింది.

"గాలి లెక్కలు వేసి జీతం తీసుకునేవాణ్ణి నీ తమ్ముణ్ణే చూశాను," అని బావ వేళాకోళమాడాడు. అక్క కయ్యిమంది.

మాస్టారు టేపు పట్టుకెళ్ళి కొలతలన్నీ తీసుకున్నాడు. ఒక పక్క కిటికీలు, ఎదుటి గోడకు గాలిని బయటికి లాగే ఫ్యాను, మధ్యలో లావుపాటి స్తంభం. ఇంటికొచ్చి లెక్క కట్టి, కిటికీల దగ్గర నలుసులు వదిలాడు. గీతలన్నీ దువ్విన జుట్టులా సాఫీగా ఫ్యాను దాకా పోయాయి. స్తంభం వెనక మూలకు మాత్రం ఒక్క గీతా పోలేదు. అక్కడ గాలి నెమ్మదిగా ఉందన్నమాట, బంక ఆరదు, ఘాటేమో పక్కగాలిలో కలిసి కొట్టుకుపోతుంది అనుకున్నాడు. బొమ్మ అంత అందంగా వచ్చాక ఇంకో చోట నలుసు వదిలి చూద్దామని ఎవరికి బుద్ధి పుడుతుంది? పుట్టాల్సింది ఆయనకే. పుట్టలేదు.

"ఇదిగో అక్కా, నీ బల్ల ఇక్కడ వేయించుకో."

అక్క బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "అక్కడ కాస్త ఉక్కగా ఉంటుందేమోరా, చిన్నోడా."

"లెక్క చేసింది నువ్వా, నేనా?"

"నువ్వేలే నాయనా," అని నవ్వేసింది.

కొన్నేళ్ళకు అక్కకు దగ్గు పట్టుకుంది. మొదట చలిగాలి అన్నారు, తర్వాత దుమ్మన్నారు. చివరికి డాక్టరు, ఇన్నేళ్ళు బంక ఘాటు పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయని, పోయిన సత్తువ తిరిగి రాదని తేల్చాడు. అక్క పని మానేసింది. నాలుగు గిన్నెలు తోమితే ఆయాసం, మెట్లెక్కితే ఆయాసం. "అందరూ ఆ హాల్లోనే కదా చేస్తున్నారు, దీనికే ఎందుకు రావాలి?" అని బావ వాపోతే, మన మాస్టారు "ఎవరి ఖర్మ ఎలా ఉందో" అని తలూపాడు. ఎంత తేలిగ్గా అన్నాడో!

ఆ మధ్య పాఠానికి ఉదాహరణ కావలసి ఆ హాలు లెక్కనే మళ్ళీ బయటికి తీశాడు. పిల్లలకు తేడా చూపిద్దామని ఈసారి నలుసులు కిటికీల దగ్గరే కాక హాలంతా చల్లాడు. స్తంభం వెనక మూలలో గీతలు లేచాయి. పైకెక్కి, గోడ వెంట దిగి, బల్ల ఎత్తులో మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చి, గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కటీ ఫ్యాను వైపు పోలేదు. కిటికీ గాలి ఆ సుడిలోకి రాదు, సుడిలోని ఘాటు బయటికి పోదు. గీత పోలేదు కాబట్టి అక్కడ భయం లేదనుకున్నాడే గానీ, అక్కడ తను నలుసు వదలనే లేదు. కొత్తగా చేరిన కుర్రాడు చేసినా ఈయన చెవి మెలేసే తప్పు అది. మాస్టారు కుర్చీలోంచి లేచాడు. తెర ఆపకుండానే బయటపడ్డాడు.

అక్క వంటింట్లో కుర్చీ వేసుకుని కూరగాయలు తరుగుతోంది. ఆయన గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాడు. "నావల్లే అక్కా. నీ ఉసురు నేనే తీశాను," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అక్క కత్తి పక్కన పెట్టింది. "ఆ మూల మంచిది కాదని నాకు తెలుసురా."

"ఎప్పటినుంచి?"

"వెళ్ళిన వారమే. పక్క బల్లల దగ్గర లేని ఘాటు నా దగ్గరే. తల పగిలిపోయేది. ఓ రోజు బల్ల కాస్త కిటికీ వైపు జరుపుకున్నా. హాయిగా ఉండింది." ఆగి, ఊపిరి కూడదీసుకుంది. "ఆ ఆదివారం నువ్వు భోజనానికొచ్చి, నేను చెప్పిన చోటే ఉందా అక్కా నీ బల్ల అని అడిగావు. ఉందన్నాను. నీ మొహం ఎంత కళకళలాడిందో! నీకు అబద్ధం చెప్పాననిపించి మనసొప్పలేదు. మర్నాడు వెళ్ళి మళ్ళీ మూలకే జరిపేశా."

ఎంత తలచుకున్నా మాస్టారికి ఆ ఆదివారం గుర్తుకు రాలేదు.