రేణుకమ్మ ఒక్కపొద్దు

పెద్దమందడి దగ్గరి ఆ ఊళ్లో, రేణుకమ్మ ఇంటిల్లిపాది కంటే ముందు అన్నం తినగా చూసినవాళ్లు లేరు. మొగుడు బాలయ్య, కొడుకు, కోడలు జయశ్రీ, ఆఖరికి కొట్టంలో బర్రె కూడా తిన్నాకే ఆమె కంచం ముందు కూర్చునేది. "తల్లి ఎనక తింటది" అనేది. ఆ మాట మీద ఇంట్లో ఎవరికీ నోరు లేచేది కాదు.

అట్లాంటి మనిషికి షుగరు వచ్చింది. వనపర్తి దవాఖానలో డాక్టరమ్మ జయశ్రీని కూడా కూర్చోబెట్టి చెప్పింది. "మాత్ర చక్కెరను కిందికి గుంజుతది, తిండి పైకి లేపుతది. మాత్ర ఏసుకొని తినకుంటే, కాలేయంల దాచుకున్న చక్కెర తీసి ఒళ్లు కొంతసేపు నిలబడతది. అదీ చాలకపోతే చెమటలు పడతయి, చేతులు వణుకుతయి, మాట తడబడతది. గప్పుడు జర కూడా ఆగొద్దు, నోట్ల తీపి పెట్టాలె." రేణుకమ్మ తలూపింది. ఆమె తలూపడం వేరు, వినడం వేరు.

శ్రావణంలో ఎల్లమ్మ బోనాల నాడు ఆమె మాత్ర వేసుకుంది, మెతుకు ముట్టలేదు.

"ఒక్కపొద్దుంటే మాత్ర ఎందుకేసుకున్నవ్ అత్తమ్మా?"

"డాక్టరమ్మ మాటా ఇన్న, ఎల్లమ్మ మాటా ఇన్న. ఇంకేంది నీ పరేషాను?"

జయశ్రీ తన బోనం తను ఎత్తుకొని, అత్త మీంచి చూపు తిప్పకుండా వెనకాలే నడిచింది.

వేరుశనగ చేలు దాటి గుడి చేరేసరికి ఎండ ముదిరింది. డప్పులు జోరందుకున్నాయి. రేణుకమ్మ ఊగడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు ఆమె బోనం పట్టుకొని దించారు. "అమ్మ వచ్చింది!" అన్నారెవరో. పూజారి బుచ్చన్న వేపకొమ్మ పట్టుకొని ముందుకొచ్చాడు. "తల్లీ, వానలెట్ల?" అని అడిగాడు. ఆమె ఏదో గొణిగింది. అందులో వాన ఉందని కొందరు, లేదని కొందరు.

ఏటా అమ్మ ఒంటి మీదికొచ్చి అత్త శిగమూగడం జయశ్రీ చూసిందే. గొంతు గుడి దద్దరిల్లేట్టు లేచేది, నలుగురు పట్టినా ఆగేది కాదు. ఇవాళ గొంతు పీలగా ఉంది. రైక తడిసి ముద్దయింది. చెయ్యి పట్టుకుంటే, అంత ఎండలోనూ చల్లగా తగిలింది.

"గిది శిగం కాదు మామా! షుగరు పడిపోయింది. తీపి పెట్టాలె!"

"నోర్ముయ్! అమ్మ మీద చెయ్యేస్తవా?" అన్నాడు పక్కనే ఉన్న బాలయ్య. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ.

ఊళ్లోకి పోయి చక్కెర తెచ్చేదాకా ఈ ప్రాణం ఆగుతుందా? చుట్టూ ఎటు చూసినా బోనం కుండల నిండా బెల్లమన్నమే. కానీ అమ్మకు పెట్టకముందే మెతుకు ముడితే ఊరికి అరిష్టమంటారు. రేపు వాన తప్పినా, ఎవరి గొడ్డు చచ్చినా, ఆ పాపం జయశ్రీ నెత్తినే పడుతుంది. తన అనుమానమే తప్పయితే?

రేణుకమ్మ మోకాళ్లు మడతపడ్డాయి.

ఇక ఆలోచించలేదు జయశ్రీ. తన బోనం దించి, దాని మీది దీపం పక్కన పడేసి, కుండలో చెయ్యి పెట్టింది. డప్పు ఆగిపోయింది. "మింగు అత్తమ్మా, మింగు!" మొదటి ముద్ద గడ్డం మీదికి జారింది. అన్నంలోని బెల్లపు పాకం వేలితో బుగ్గ లోపల రాసింది. గొంతు కదిలింది. ఇంకొంచెం పెట్టింది. ఏమీ కాలేదు. "ఊరి మీదికి తెచ్చె గద పిల్ల!" అని వెనక ఎవరో శాపనార్థాలు పెడుతున్నారు. జయశ్రీ ఏడుస్తూనే పెడుతోంది.

కాసేపటికి ఆమె మణికట్టును ఒక చెయ్యి పట్టుకుంది.

"జయా... దీపం ఎందుకారింది?"

"నేనే ఆర్పిన అత్తమ్మా. నీకోసం బోనం ఎంగిలి చేసిన. చచ్చిపోతవనుకున్న."

"ఇగ ఇది అమ్మకు పనికిరాదు. అవతల పారబొయ్యి," అన్నాడు బుచ్చన్న.

రేణుకమ్మ కుండను ఒళ్లోకి లాక్కుంది. "ఎందుకు పనికిరాదు బుచ్చన్నా? బిడ్డ ముందు తింటది, తల్లి ఎనక తింటది. ఎల్లమ్మ తల్లి గాదా?"

బుచ్చన్న వేపకొమ్మ దించేశాడు. బాలయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకో ముద్ద పెట్టు," అని కోడలి ముందు నోరు తెరిచింది రేణుకమ్మ. తిన్నాక తనే ఒక ముద్ద కలిపి జయశ్రీ నోటికి అందించింది. మిగిలిన అన్నంతో కుండ పట్టుకొని, కోడలి భుజం ఆసరాగా లేచి, తీసుకుపోయి ఎల్లమ్మ ముందు పెట్టింది.