మంచుకొండల్లో ఉడకని అన్నం

హైదరాబాద్ చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చిన కాలమది. ఇబ్రహీంపట్నంలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా గజం ధర తప్ప మరో మాట వినపడేది కాదు. కోస్తా నుంచి వచ్చి శివార్లలో స్థిరపడిన కుటుంబం మాది. నేను ఇబ్రహీంపట్నంలో ప్లాట్లు అమ్మే ఆఫీసులో చేరి, మెడకు టై బిగించుకుని, కందిచేను చూపించి ఇక్కడ ఈతకొలను వస్తుందండీ అని చెప్పేవాణ్ని. (ఈత నాకు రాదు.) కొనేవాళ్లను తిప్పే వ్యాను మంచాల అన్న సొంతం. మంచాల ఆయన ఊరు. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు.

ఆ ఎండాకాలం అన్న వాళ్ల అక్క జ్వరమొచ్చి, దవాఖానకు వెళ్లి, తిరిగి రాలేదు. ఆమె భర్తను అన్నతో పాటు మేమూ బావ అనే పిలిచేవాళ్లం. ఆయన కర్మకాండలన్నీ ఒక్క కన్నీటి చుక్క రాల్చకుండా జరిపించాడు. ఆ తర్వాత మాట మానేశాడు. పెడితే తినేవాడు, లేకపోతే బోరుబావి దగ్గర గట్టు మీద అలాగే కూర్చునేవాడు. ఒకరోజు అన్న ఆఫీసుకొచ్చి నా ముందు కూర్చున్నాడు.

"బావను గా ఇంట్ల ఉంచితె మనకు దక్కడు. మంచుకొండల దిక్కు కొంచవోదాం."

మంచుకొండలే ఎందుకని అడిగాను.

"ఆడ అక్క యాదికి రాదు. ఆమె ఎన్నడు మంచు జూడలే."

ఆ వాదనలో నాకు ఏ లోపమూ కనిపించలేదు. వెంటనే సెలవు పెట్టాను. వ్యానులో సీట్లు పీకేసి రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, బియ్యం బస్తా పెట్టుకున్నాం. మందుల షాపులో పనిచేసే మా స్నేహితుణ్ని అందరం డాక్టర్ అనేవాళ్లం. సకల రోగాలకూ గోళీలు సంచిలో వేసుకుని అతనూ ఎక్కాడు. (నాగపూర్ చేరకముందే వాంతులు మొదలుపెట్టిన రోగి కూడా అతనే.) దారిపొడవునా పోలీసులు ఆపి, మంచాలు చూసి అంబులెన్సా అనీ, బస్తా చూసి పెళ్లివారా అనీ అడిగారు. అన్న మన హైదరాబాదు హిందీలో జవాబు చెబితే, సగం అర్థంకాక నవ్వి వదిలేసేవారు. బావ మాత్రం వెనక కిటికీ దగ్గర కూర్చుని, ఏమడిగినా "ఊ" అనేవాడు. నేను వేసిన జోకులన్నింటికీ ఆ "ఊ" ఒక్కటే బహుమానం.

మనాలి దాటాక చెట్లు పోయాయి. దారికి రెండువైపులా మంచు గోడలే. ఒకచోట రోడ్డుకు అడ్డంగా పారుతున్న వాగులో వ్యాను దిగబడి ఇంజను ఆగిపోయింది. ఏదైనా లారీ వచ్చి లాగేదాకా చేసేదేమీ లేదు. కుక్కరు రబ్బరు దారిలో ఎక్కడో పోగొట్టుకున్నాం కాబట్టి అన్న మామూలు గిన్నెలో అన్నం పెట్టాడు. నీళ్లు కుతకుతా ఉడుకుతున్నాయి, బియ్యం మాత్రం రాళ్లలాగే ఉంది. ఇంత ఎత్తులో బియ్యానికీ తల తిరుగుతుందేమోనని డాక్టర్ అన్నాడు. మళ్లీ నీళ్లు పోశాం, మళ్లీ ఉడికించాం, అన్నం కాలేదు.

అప్పుడు బావ మెల్లగా వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు.

"బియ్యం నానవెట్టలేదా? మీ అక్క ముందుగాల నానవెడ్తుండె."

అన్నేసి రోజుల తర్వాత విన్న మొదటి మాట అది. ఆ మాట పూర్తవుతూనే ఆయన మంచులో కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అన్న గరిటె పక్కన పడేసి ఆయన్ని పట్టుకుని తానూ ఏడ్చాడు. ఏం చేయాలో తోచక నేనూ డాక్టరూ ఆ అన్నమే పళ్లేల్లో వడ్డించి, పక్కన చింతకాయ పచ్చడి వేశాం. నలుగురం పటపటా నములుతూ తిన్నాం. బావ మళ్లీ పెట్టించుకున్నాడు.

లారీ వచ్చి లాగింది. తిరుగుదారంతా బావ ఆమె గురించే చెప్పాడు. యాచారం బస్సులో కండక్టరుతో జగడం పెట్టుకుని బస్సంతటినీ నవ్వించిన సంగతి చెబుతుంటే ఆయన కూడా నవ్వాడు. తీరా ఇంటి ముందు దిగి తాళం తీశాక, గడప దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు. లోపల దీపం వెలిగించి ఉంచేవాళ్లు ఎవరూ లేరు. నేను అదేమీ పట్టించుకోకుండా, బావను బాగుచేసి తెచ్చామని ఆఫీసంతా చెప్పుకుని తిరిగాను.

బావ బాగుపడలేదు. ఏడవడం నేర్చుకున్నాడు, అంతే. అమ్ముకోగా మిగిలిన చేను దున్నుకుంటూ, ఆమె మాట వస్తే కళ్లు తుడుచుకుంటూ బతికాడు. ఇప్పుడు నా వయసు అప్పటి బావ వయసు దాటింది. మా ఆవిడ పోయి రెండేళ్లయింది. ఎక్కడికైనా తిరిగి రండి సార్, మనసు తేలికవుతుంది అని కుర్రాళ్లు చెబుతుంటారు. వాళ్లను చూస్తే వ్యాను ముందు సీట్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని, దుఃఖాన్ని కొండలకు అవతల దింపేసి రావచ్చనుకున్న ఒక కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది గానీ కోపం రాదు. పాపం, ఏమీ తెలియదు కాబట్టే అంత దూరం తోడు వెళ్లాడు. తెలిసుంటే బయల్దేరేవాడే కాదేమో.